ఇంటర్వెల్‌లో వాచీలన్న

ఏం చూస్తున్నావే అలా, కళ్ళార్పకుండా? ఇటు తిప్పు ఆ ఫోను. పడవా? ఒక్కడే పోతున్నాడా సముద్రం మీద, పాపం. చివర్లో ఏదో అక్షరాలు వేశాడు, నాకు ఆనట్లేదు, చదివిపెట్టు. ఏంటీ, నిజంగా జరిగిన ప్రయాణం ఆధారంగానా? ఊఁ. ఆ 'ఆధారంగా' అన్న మాట ఉంది చూశావూ, తంటా అంతా అక్కడే వస్తుంది. నవ్వకు. ముప్పై ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటరుగా చేశాను, ఆ మాట తెర మీద ఎన్నిసార్లు వేశానో లెక్కే లేదు. ఎడారి దాటినవాడి కథ, మంచుకొండ ఎక్కినవాడి కథ, సైకిలు మీద దేశాలు తిరిగినవాడి కథ, అన్నీ నిజమే అనేవాళ్ళు. నిజం సంగతి నాకు తెలిసింది ఒక్క సినిమాలోనే. ఎందుకంటే ఆ కథగలవాడు మా హాలు ఎదురుగానే వాచీలు బాగుచేసుకుంటూ కూర్చునేవాడు. కూర్చో, చెప్తాను. ఆ దిండు ఇలా పడెయ్.

వాచీలన్న అనేవాళ్ళం. సన్నగా, పొడుగ్గా, కుడికంట్లో ఎప్పుడూ ఆ గొట్టం లాంటి భూతద్దం ఇరికించుకుని ఉండేవాడు. దుకాణం అంటే పెద్దదేం కాదు, మంగలి షాపుకీ మందుల షాపుకీ మధ్య, తలుపంత వెడల్పు. గోడ నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపించేవి. "అన్నా, ఇందులో అసలు టైము ఏది?" అని అడిగితే, "నువ్వు ఆలస్యంగా వచ్చావు, అది మాత్రం ఖాయం" అనేవాడు. నిజమేలే, నేనెప్పుడూ ఆలస్యమే. ఏం చెప్తున్నాను... ఆ, ఆయన భార్యని వాచీల వదిన అనేవాళ్ళం. ఆవిడకి ఒక తమ్ముడు. నాలుగేళ్ళప్పుడు తల్లి పోతే ఈవిడే చంకనేసుకుని పెంచింది, పెళ్ళయ్యాక తనతోనే తెచ్చుకుంది. ఆ అబ్బాయి షాపులకి బోర్డులు రాసేవాడు. రంగులబ్బాయి. చెవి మీద కుంచె, మోచేతుల దాకా రంగులు. మా హాలు మీద పేరు కూడా అతను రాసిందే, ఒక అక్షరానికి తోక కాస్త పొడుగు పెట్టాడు, అదేంట్రా అంటే "గాలికి ఎగురుతోంది" అన్నాడు. అలాంటి మనిషి.

ఆ అబ్బాయికి ఒకటే పిచ్చి. మా ఊరి నది ఉంది కదా, అది ఎక్కడికి పోతుందో చూడాలని. సముద్రంలోకే పోతుందని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. "తెలియడం వేరు, చూడటం వేరు బావా" అనేవాడట. బావకి ఈత రాదు. అయినా బామ్మర్ది మాట కాదనలేకపోయాడు. ఖాళీ నూనె డ్రమ్ములు ఆరు, వాటి మీద పాత తలుపులు రెండు, తాళ్ళతో బిగించి కట్టారు. అదే పడవ. ఊళ్ళో అందరం ఒడ్డున నిలబడి నవ్వాం. నాకప్పుడు పంతొమ్మిదో ఇరవయ్యో, నేనూ నవ్వాను. వదిన మాత్రం నవ్వలేదు. "వాణ్ణి మీ చేతుల్లో పెడుతున్నాను" అంది మొగుడితో. ఇరవయ్యారు రోజుల తర్వాత వాచీలన్న ఒక్కడే తిరిగొచ్చాడు, బస్సులో. దారిలో పడవ తిరగబడిందనీ, పిల్లాడి కాలు రాయికి కోసుకుపోయిందనీ, పుండు చీము పట్టి జ్వరం ఎక్కిందనీ, సముద్రం దగ్గరి ఊళ్ళో ఆస్పత్రిలో పోయాడనీ చెప్పాడు. సముద్రం చూశాడా అని వదిన అడిగింది. చూశాడన్నాడు. అంతే. ఇంకో ముక్క ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ అబ్బాయి గది అలాగే ఉంచారు, రంగు డబ్బాలతో సహా.

పదకొండేళ్ళు గడిచాయి. ఏదో పేపర్లో నాలుగు ముక్కలు రాశారు, డ్రమ్ముల పడవ మీద సముద్రం చేరిన మనిషి అని. అది చూసి సినిమా కంపెనీ వాళ్ళు ఒక కథ రాసేవాణ్ణి పంపారు. గుండ్రంగా ఉంటాడు, మాటకి ముందు "అద్భుతమండీ" అంటాడు. నాలుగు రోజులు దుకాణంలో స్టూలు మీద కూర్చుని రాసుకున్నాడు. వాచీలన్న అన్నీ చెప్పాడట. పడవ కట్టడం, సుడిలో తిరగబడటం, బామ్మర్ది తన జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగడం. ఆ తర్వాత జరిగినదాని దగ్గరికి వచ్చేసరికి ఇలా అన్నాడట. "మాలో ఒకడికి భయం పట్టుకుంది. తెల్లారగట్ల చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. రెండోవాడు జ్వరంతోనే ఒంటరిగా నడిపాడు పడవని." ఆ కథలాయన కలం ఆపాడు. "అద్భుతమండీ. అంటే మీరు ఒంటరిగా నడిపారన్నమాట, జ్వరంతో." వాచీలన్న వంచిన తల ఎత్తలేదు. కంట్లో భూతద్దం, చేతిలో ఎవరిదో వాచీ. "ఊ" అన్నాడు. ఒక్క ఊ. తర్వాత నాతో చెప్పాడు, "తమ్ముడూ, ఆ ఊ అనడానికి ఎంత సేపు పడుతుందిరా. దాన్ని వెనక్కి తీసుకోడానికి మాత్రం నోరు రాలేదు" అని.

సినిమా వచ్చింది. నేనే వేశాను. బాగా తీశారు, అబద్ధమెందుకు, నీళ్ళు మీద పడుతున్నట్టే ఉండేది. హీరో అచ్చం హీరోలాగే ఉన్నాడు, మన వాచీలన్నలో మూడింతలు. బామ్మర్ది వేషం వేసినవాడు బక్కగా, చెవి మీద కుంచెతో. ఇంటర్వెల్ తర్వాత, ఏడో రీల్లో, జ్వరంతో పడున్న బావని వదిలేసి, మూటలో రొట్టెలు కూడా తీసుకుని పారిపోతాడు. మళ్ళీ కనపడడు. హీరో ఒక్కడే సముద్రం చేరతాడు. ఊరంతా చప్పట్లు. రెండోరోజు మ్యాట్నీకి వదిన వచ్చింది, పక్కింటి వాళ్ళతో. నేను పైనుంచి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఏడో రీలు నడుస్తుండగా లేచి వెళ్ళిపోయింది. సరాసరి దుకాణానికే వెళ్ళింది. మంగలి చెప్పాడు నాకు, కత్తి గాల్లో అలాగే ఉండిపోయిందట వాడి చేతిలో. "నా తమ్ముడు పారిపోయాడా?" అని అడిగింది. లేదన్నాడు. "మరెవరు?" అంది. ఈయన తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. ఆవిడ కాసేపు చూసి, "వాడి చావు కూడా వాడికి లేకుండా చేశారు కదండీ" అని, ఇంటికెళ్ళి, తమ్ముడి గదిలో చాప వేసుకుంది. మాట్లాడటం మానేసింది. మధ్యాహ్నం క్యారేజీ మాత్రం పంపించేది. అదీ చూడు. అన్నం మానలేదు, మాటే మానింది. ఏది ఎక్కువ కష్టమో నీకు పెళ్ళయ్యాక తెలుస్తుందిలే.

నాలుగో రోజు మ్యాట్నీ. ఇంటర్వెల్ బెల్లు కొట్టాను, లైట్లు వేశాను. చూస్తే తెర ముందు వాచీలన్న నిలబడి ఉన్నాడు, కంట్లోది తీసి చేత్తో పట్టుకుని. మైకు లేదు, ఏం లేదు. "ఈ కథ నాదేనండీ" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. "తర్వాత వచ్చేది అబద్ధం. పారిపోయేది ఆ అబ్బాయి కాదు, నేను." ఈలలు వేశారు. ఎవడో "దిగవయ్యా, బఠానీలు కొనుక్కోవాలి, అడ్డు" అన్నాడు. ఈయన కదల్లేదు. చెప్పాడు మొత్తం. పడవ తిరగబడ్డాక నీళ్ళంటే ఒళ్ళంతా భయం పట్టిందని. పిల్లాడు జ్వరంతో మూలుగుతుంటే తెల్లారగట్ల రోడ్డెక్కి లారీ పట్టుకున్నానని. ఒక రాత్రి బస్టాండులో కూర్చుని, ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టయి, మర్నాడు మళ్ళీ లారీ ఎక్కి వెనక్కొచ్చి నది వెంట పరుగెత్తానని. ఆ పుండుకాలి పిల్లాడు పడవని వదల్లేదు. ఎక్కడున్నాడనుకున్నావ్? నది నడుమ కాదు, ఒడ్డు పక్కనే, రెల్లులో గుచ్చుకుంటూ, అంగుళం అంగుళం నడుపుకుంటూ పోతున్నాడు. బావ వెతుక్కుంటూ వస్తే కనపడాలని.

ఇక రోజూ అదే. మ్యాట్నీకి దుకాణం మూసి వచ్చేవాడు, టికెట్టు కొనుక్కుని, ముందు వరసలో. మా ఓనరు ఉండేవాడు, చెవిలో దూది పెట్టుకుని తిరిగేవాడు, ఎందుకో ఎవరికీ తెలీదు, వినాల్సింది మాత్రం అన్నీ వినేవాడు. "ఏమయ్యా ఆపరేటరూ, సినిమా అబద్ధమని సినిమా హాల్లోనే చెప్పిస్తావా?" అన్నాడు. "ఇంటర్వెల్ జనానిది కదండీ, నాది కాదుగా" అన్నాను. ఆయన గునిశాడు గానీ, నాలుగు రోజులు పోయాక నోరు మూసుకున్నాడు. ఎందుకంటే మ్యాట్నీకి జనం పెరిగారు. సినిమా చూసినవాళ్ళే మళ్ళీ వచ్చేవాళ్ళు, ఆయన చెప్పేది వినడానికి. ఈలలు ఆగిపోయాయి. బఠానీలవాడు కూడా లోపలికొచ్చి గోడకి ఆనుకుని వినేవాడు, గంప నెత్తి మీదే ఉండేది. కానీ వినాల్సిన మనిషి రాలేదు. ఊరందరి నోటా వింటూనే ఉందట, ఇల్లు కదల్లేదు.

పద్దెనిమిదో రోజు, ఆఖరి రోజు మ్యాట్నీ. లైట్లు వేశాను. ఆయన లేచి జనం వైపు తిరిగాడు, తిరిగి ఆగిపోయాడు. ఆడవాళ్ళ వరసలో, చివరి కుర్చీలో వదిన. హాలంతా మెడలు తిప్పింది. అప్పుడావిడ లేచి నిలబడింది. గట్టిగా కూడా అనలేదు. "చెప్పండి. ఊరందరికీ చెప్పారు. నాకు చెప్పలేదు."

ఆయన చెప్పాడు. చెప్పి చెప్పి నోటికొచ్చిన కథే కదా, అయినా ప్రతి మాటా తడుముకున్నాడు. రెల్లులో పిల్లాణ్ణి చూసిన చోటుకి వచ్చి ఆగాడు. రోజూ అక్కడేం మాట్లాడుకున్నారో చెప్పకుండా, కథని నేరుగా సముద్రానికి తీసుకెళ్ళిపోయేవాడు. ఆవేళ అన్నాడు, "నన్ను చూసి నవ్వాడే. 'మందు కోసం వెళ్ళావని తెలుసు బావా. ఇంత సేపయిందేం, దొరకలేదా?' అన్నాడు. నా చేతిలో ఏం లేదు. బస్టాండు పక్కనే మందుల షాపు ఉంది, దాని మెట్ల మీదే కూర్చున్నాను ఆ రాత్రంతా. నాకు తట్టలేదే. దొరకలేదురా అన్నాను. పర్లేదులే బావా, అన్నాడు." వదిన అడిగింది, "వాడు నమ్మాడా?" "తెలీదు" అన్నాడు. "నమ్మినట్టు ఉన్నాడు. నన్ను కాపాడ్డానికి అలా అన్నాడేమో, అదీ తెలీదు." ఆవిడ కూర్చుంది. కూర్చుని, తలెత్తి నా కిటికీ వైపు చూసి, "సినిమా వెయ్యి నాయనా" అంది.

వేశాను. ఏం చెయ్యను, అది నా పని. ఆరో రీలు అయింది. ఏడోది ఎక్కించాను. ఆ బక్కవాడు లేచి, మూట తీసుకునే చోటు వచ్చేసరికి... ఏమయిందో నాకు, అనుకుని చేసింది కాదమ్మా, అరచెయ్యి తీసుకెళ్ళి లెన్సుకి అడ్డం పెట్టేశాను. రెండో చేత్తో సౌండు తగ్గించేశాను. తెర నల్లగా అయిపోయింది. నాలుగు నిమిషాలు. ఆ దీపం వేడి నీకేం తెలుసు, కార్బన్ కడ్డీలు మండేవి లోపల, అరచెయ్యి చుర్రుమంటోంది. తెర ఒక్క క్షణం పోతేనే కుర్చీలు విరగ్గొట్టే జనం, ఒక్కడు కూడా కదల్లేదు. మళ్ళీ నది వచ్చే చోటుకి చెయ్యి తీశాను.

ఆట అయ్యాక మెట్ల మీద చప్పుడైంది. వదిన. ఆడవాళ్ళెవరూ ఎక్కరు ఆ మెట్లు, నిచ్చెనలా ఉంటాయి. నా చెయ్యి తీసుకుని చూసింది, ఎర్రగా కందిపోయి ఉంది. "ఈ రీళ్ళ పెట్టె రేపెక్కడికి పోతుంది?" అంది. పక్కూరికి వదినా, ఆ తర్వాత ఇంకో ఊరికి, అలా నది వెంటే పోతుంది కిందికి, అన్నాను. "మరి అక్కడ ఎవరు అడ్డం పెడతారు?" అంది.

మర్నాడు వాచీల దుకాణం తెరవలేదు. ఆ మర్నాడూ లేదు. జనం వాచీల కోసం వచ్చి తలుపు కొట్టి పోయేవాళ్ళు. ఇద్దరూ బస్సెక్కారు, సినిమా పెట్టె వెనకాలే. ఒక ఊరి తర్వాత ఇంకో ఊరు, ప్రతి హాల్లో ఇంటర్వెల్‌లో లేచి నిలబడేవాళ్ళు. కొన్నిచోట్ల గెంటేశారట, కొన్నిచోట్ల కుర్చీ వేసి కూర్చోబెట్టారట. అలా నెలన్నర తిరిగి సముద్రం ఒడ్డు ఊరికి చేరారు. అక్కడి ఆపరేటరు నాకు ఎరిగినవాడే, కార్డు రాశాడు. "మీ ఊరివాళ్ళు వచ్చారు. ఆయనకి గొంతు పూర్తిగా పోయింది, ఒక్క మాట పెగలట్లేదు. తెర ముందు నిలబడి దిక్కులు చూస్తుంటే ఆవిడే పక్కకొచ్చి చెప్పింది. ఏమందో నీకు రాయాలనిపించి రాస్తున్నాను. 'మా తమ్ముడు పారిపోలేదు. పారిపోయింది ఈయన. తిరిగొచ్చింది కూడా ఈయనే' అంది."

...

ఏం లేదు, ఏం లేదు. కళ్ళల్లో ఏదో పడింది. వాన వచ్చేట్టుంది చూడు, మేడ మీద బట్టలున్నాయి, తడిస్తే మీ అమ్మ ఇద్దర్నీ కలిపి తిడుతుంది. లే.