రేగుచెక్క విల్లు

ఏదబ్బయ్యా, ఆ విల్లు ఇట్టియ్యి. కాలేజీలో ఇచ్చినారా? ఊఁ, తేలిగ్గానే ఉండాది. దీని లోపల ఏం చెక్క వేసినారో అడిగినావా? అడగలా? మా అన్న పరంజ్యోతి అయితే ముందు అదే అడుగును. వడ్రంగి ఆయన. తోటపల్లి గూడూరులో మన చర్చి బల్లలన్నీ ఆయన చేసినవే. ఇప్పుడు ఒకటీ లేదులే, అన్నీ ప్లాస్టిక్ కుర్చీలు... ఏం చెప్తా ఉండా? ఆఁ, విల్లు.

ముత్యాలయ్య అని సముద్రం పక్క పాళెంలో చేపలు పట్టేవాడు, మా అన్నంటే ప్రాణం. పంతొమ్మిదొందల యాభై ఎనిమిదిలో పడవ కింద పడి కుడి భుజం నలిగిపోయింది. ఇంక వల లాగలేడు. కాలవలో విల్లుతో చేపలు కొడదామని పోతే, వెదురు విల్లు వంచేదానికి బలం చాలదు. "పరంజ్యోతన్నా, మెత్తంగా వంగాల, గట్టిగా కొట్టాల, అట్టాంటిది చేసిపెట్టు" అన్నాడు. మా అన్న ఆలోచించి ఆలోచించి, పైనా కిందా పల్చటి వెదురు బద్దలు, నడాన చెక్క, జిగురేసి అంటిద్దామనుకున్నాడు. ఆ నడిమి చెక్క దగ్గరే వచ్చింది చిక్కు. టేకు పెట్టినాడు, వంగింది తిరిగి లేచేదానికి బద్ధకం. సరుగుడు పెట్టినాడు, నిలువునా చీలింది. ఆఖరికి రేగు. ముడి లేకుండా, నార ఈ కొస నుంచి ఆ కొసకు తెగకుండా పోయే దుంగ కోసం కోవూరు దాకా తిరిగినాడు సామీ. తెచ్చి, కోసి, అటక మీద నీడన ఆరేసినాడు. నెలకోసారి దించి చెంపకు ఆనించుకునేవాడు. "చల్లంగా ఉండాది రెబెక్కా, లోపల తడుండాది. ఇంకో ఎండాకాలం పోవాల" అని నాతో అనేవాడు.

ఆలోపు ముత్యాలయ్య పెళ్లాం అంకాలమ్మ వచ్చింది. "అన్నా, గోడకు తిరిగి పడుకుంటా ఉండాడు, కూడు ముట్టడంలా." మరుసటి రోజు ముత్యాలయ్యే వచ్చి గడప మీద కూర్చున్నాడు. "చేతులు ఊరికే పెట్టుకుని ఎట్ట బతికేదన్నా?" ఆ వారంలోనే మా అన్న విల్లు చేసిచ్చినాడు.

నలభై రోజులు పనిచేసింది. అబ్బా, ఆ మనిషి నవ్వు చూడాల! ఒక పొద్దున కాలవలో మోకాల్లోతున నిలబడి లాగినాడంట, విల్లు పై రెక్క ఫట్‌మని విరిగి, పేడు కుడికంట్లో దిగింది. కన్ను పోయింది. మా అన్న ఆస్పత్రికి పోయి మంచం పక్కన నిలబడితే, "చెక్కదేం తప్పన్నా, తొందర నాది" అన్నాడు. తిట్టుంటే బాగుండును. ఆ రోజు నుంచి మా అన్న చర్చిలో ప్రభువు బల్ల దగ్గరకు, రొట్టె, ద్రాక్షరసం తీసుకునేదానికి పోలా. పాస్టరుగారు ఎంత చెప్పినా, తప్పు చేసినోడు తినకూడదని రొట్టె ముట్టలా. అరవైతొమ్మిదిలో పోయేదాకా అంతే. ముత్యాలయ్య వచ్చి ఎడంచేత్తో మట్టేసి, గుంట పక్కనే కూలబడిపోయినాడు.

తడి ఉండాదని తెలిసి ఎందుకు చేసినాడంటావా? నన్నడిగినాడబ్బయ్యా. చెక్క చేతిలో పెట్టుకుని, "ఏం చెయ్యమంటావు రెబెక్కా?" అన్నాడు. నేను బియ్యం చెరుగుతా, తలెత్తకుండానే, "ఇచ్చెయ్యన్నా, ఎన్నాళ్లు చూస్తావు" అన్నా. ఆ మాట ఆయన ఎవురికీ చెప్పలా. నన్ను కూడా ఏమీ అనలా, పదేళ్లు...

ఆ వాకిలి కొంచెం వెయ్యి నాయనా, మేకలొస్తాయి.