నూట పన్నెండో ఇల్లు

దర్శి దగ్గర ఒక ఊళ్లో రెబ్కా ఇంటి వసారా. యూనివర్సిటీ నుంచి వచ్చిన శ్రీరమ్య కుర్చీలో, రెబ్కా కింద, పక్కింటి ఖాదర్‌బీ గుమ్మంలో.

“...మళ్లీ చెప్తున్నా రెబ్కా గారూ, నేను పోలీసుని కాదు. జువైనల్ హోమ్‌లో ఉన్న పిల్లల ఇళ్ల మీద పరిశోధన. మూడొందల ఇళ్లు తిరగాలి. మీది నూట పన్నెండోది.”

“అయితే మా అబ్బాయి మార్క్‌ని వదిలేది మీరు కాదా మేడమ్?”

“ఈ ఫారం కాపీ ఒకటి జువైనల్ బోర్డుకి ఇస్తాను. ఇంటి పరిస్థితి చూసి వాళ్లు నిర్ణయిస్తారు.”

“విన్నావా రెబ్కా, పరిస్థితి చూస్తారంట. నా పింఛనప్పుడు నేను కష్టాలు చెప్పుకున్నట్టే చెప్పు.”

“నువ్వుండు ఖాదర్‌బీ. అడగండి మేడమ్.”

“బండి దొంగతనం కేసు కదా?”

“దొంగతనం కాదు మేడమ్. పేటలో మిల్లు ముందు బండికి తాళం వదిలేసుంటే వేసుకుని వాడరేవు పోయాడు, సముద్రం చూడ్డానికి. తిరిగొస్తుంటే పట్టుకున్నారు. పదహారేళ్లోడు. రెండు నెలలైంది.”

“వాళ్ల నాన్న తాగుతారా?”

“ఆయనా? ఆయన... ఆ, తాగుతాడు.”

“రోజూనా?”

“ఆదివారం తప్ప. చర్చికెళ్లాలిగా.”

“ఆదివారం కూడా మేడమ్. మొహమాటపడుతోంది.”

“కొడతారా, పిల్లవాణ్ణి?”

“కొడతాడు.”

“బెల్టుతోనా?”

“బెల్టెక్కడిది, ఆయన కట్టేది లుంగీ.”

“కర్రతో అని రాయండి మేడమ్.”

“అవును, కర్రతో.”

“తిండి?”

“ఒక్కపూటే మేడమ్. రెండోపూట ఉండదు.”

“లోపల చేపల పులుసు వాసనొస్తోంది.”

“అది మాది మేడమ్! పాపం, చూళ్లేక నేనే ఇచ్చా.”

“ఆ గోడ మీద తెల్లటి మచ్చేంటి? టీవీ ఉండేదా?”

“టీవీనా? మాకెక్కడిదీ!”

“సరే. ఇక్కడ వేలిముద్ర వేయండి.”

“సంతకమే పెడతా మేడమ్. మావాడు నేర్పాడు. రె... బ్కా. ఇంక ఎప్పుడు పంపుతారు? వాడి మంచానికి కొత్త నవారు కూడా వేయించా.”

“పంపరమ్మా.”

“అదేంటి?”

“తాగే తండ్రి, కర్ర దెబ్బలు, ఒంటిపూట తిండి. ఇలాంటి ఇంటికి పిల్లవాణ్ణి ఎలా పంపుతారు? పద్దెనిమిది నిండేదాకా అక్కడే ఉంచమంటారు.”

“అయ్యో, అబద్ధం మేడమ్! అంతా అబద్ధం! ఆయన సోడా కూడా ముట్టడు. టీవీ ఖాదర్‌బీ ఇంట్లో దాచా. జాలిపడతారనీ... ఖాదర్‌బీ, చెప్పవే!”

“నాకేం తెలుసు తల్లీ? పొయ్యి మీద పాలున్నాయి, వస్తా.”

“ఖాదర్‌బీ! మేడమ్, మీరు చూశారుగా, గోడ మీద మచ్చ మీరే చూశారుగా!”

“చూశాను. మచ్చకి కాలమ్ లేదు.”

“కాళ్లు పట్టుకుంటా, ఆ కాగితం చించెయ్యండి. మళ్లీ అడగండి, నిజం చెప్తా.”

“నూట పదకొండు ఇళ్లలో తొంభై మంది తల్లులు సంతకం పెట్టాక ఇదే మాట అన్నారమ్మా. దీనికి మాత్రం కాలమ్ ఉంది.”

“ఏమని?”

“‘తల్లి మాట నమ్మదగినది కాదు.’”