ఏడున్నర వేల మైళ్లు

నెవాడా రాష్ట్రం, రెనో ఊళ్లో లైల్, వాళ్లమ్మ ఉండే ఇంటి పెరడు. కొండల అవతల కాలిఫోర్నియా నుంచి బస్సులో వచ్చిన అక్క కోరిన్‌కు అక్కడి షెడ్డులోని పొగ వాసన బయటి నుంచి కాదు, తన లోపలి నుంచే పైకి వస్తున్నట్టుంది.

"ముందు ఆ ఇంజిన్ ఆపరా!"

"ఆపితే ఎలా అక్కా? ఇంకా పన్నెండు వందల మైళ్లున్నాయి."

"బండి షెడ్డు గుమ్మం దాటలేదు. చక్రాలు గాల్లో తిరుగుతున్నాయి. మైళ్లేంట్రా నీ మొహం!"

"స్టాండ్ల మీద ఎత్తి, గేరు వేసి, యాక్సిలరేటర్ మీద రాయి పెట్టాను. కింద రోడ్డుందో లేదో మీటరుకేం తెలుసు?"

"ఛీ."

"ఛీ అంటావేం? రూలు మీ కాలిఫోర్నియాదే కదా. మా నెవాడాలో అమ్మే కొత్త బండి పొగ ఎక్కువ వదుల్తుంది, అటు రానివ్వరు. ఏడున్నర వేల మైళ్లు తిరిగిందా, పాత బండి అంటారు, రానిస్తారు. పొగ మాత్రం అదే. అందుకే నా పేర కొన్నా. మైళ్లు నిండగానే నీ పేర మారుస్తా."

"రోడ్డు మీద తిప్పుతానన్నావ్."

"ఎవడు తోలతాడు అన్ని మైళ్లు? నాకు పని లేదా?"

"అసలు ఆ కంపెనీ వాళ్లకుండాలి సిగ్గు. అదే బండి, అదే రంగు. కొండకు అటు శుభ్రమైనది, ఇటు మురికిది. ఇటువైపు మనుషులకు ఊపిరితిత్తులు లేవా?"

"ఆ శుభ్రమైనది కొనలేకేగా నా దగ్గరికొచ్చావు."

"అనరా, అను."

"అనడం కాదక్కా. సోమవారానికి సొంత బండి లేకపోతే ఉత్తరాలు పంచే ఉద్యోగం పోతుందని ఫోన్లో ఏడ్చిందెవరు?"

"ఏడ్చాను. అమ్మ కిటికీ కింద పొగ పెట్టమని ఏడవలేదు. అమ్మకు ఆ దగ్గు ఎప్పట్నుంచి?"

"ఏ దగ్గు?"

"లైల్."

"అదా... పుప్పొడి. సేజ్ పొదలు పూశాయి కదా. ఏటా ఉండేదే."

"ఏటా ఇలాగే దగ్గుతుందా?"

"ఏటా... కొంచెం దగ్గుతుంది."

"కొంచెమా? గోడ దాటి వినిపిస్తోంది! ఇక్కడ నిలబడి ఎలా వింటున్నావురా?"

"రేడియో పెట్టుకుంటున్నా."

"నిన్ను చూస్తుంటే అసహ్యమేస్తోంది."

"బండి నీదే."

"నోర్ముయ్. అమ్మ బట్టలు సంచిలో సర్దు. ఇప్పుడే తీసుకెళ్తున్నా."

"బస్సులోనా?"

"బస్సులోనే. బస్సులో కిటికీలు తెరుచుకుంటాయి."

"సరే... నువ్వన్నది నిజమే. అసహ్యంగానే ఉంది. పద, ఆపేస్తా. రాయి తీసేశా చూడు. ఇక తాళం తిప్పడమే."

"ఆగు."

"ఏం?"

"ఇంకా ఎన్ని మైళ్లన్నావ్?"

"పన్నెండు వందలు. ఆదివారానికి అయిపోతుంది."

"అమ్మ నా దగ్గరుంటుంది. ఆ గదిలో ఇంకెవరూ ఉండరుగా."

"గదిలో ఉండరు. పక్కింటి హాకెట్ గారి కిటికీ కూడా ఇటే. నిన్నట్నుంచి ఆయనా దగ్గుతున్నాడు."

"ఆదివారం ఎంతో దూరం లేదు."

"అక్కా, తాళం మీదే ఉంది నా చెయ్యి. ఆపనా, వద్దా?"

"పుప్పొడేమోలేరా. పొదలు పూశాయన్నావుగా."