వాడని బొకే

చర్చిలో పెళ్లయిన మర్నాడు, కృష్ణానగర్‌లోని అద్దెగదిలో ఆమె తన పెళ్లి బొకేను గాజుపెట్టెలో దాచబోతుంటే, సినిమా సెట్లు వేసే భర్త చెయ్యి చాచాడు.

"అదిలా ఇవ్వు. షూటింగుకి పట్టుకెళ్లాలి."

"నా బొకే షూటింగుకెందుకండీ?"

"హీరోయిన్ పెళ్లి సీను సగమే అయింది. మిగతా సగంలోనూ ఇదే చేతిలో ఉండాలిగా."

"అంటే సెట్లోదా? తెల్లారినా వాడలేదని మురిసిపోయాను."

"గుడ్డపూలు వాడతాయేంటి?"

"మరి నిన్న వాసనొచ్చిందే."

"సెంటు కొట్టాను."

"జూబ్లీహిల్స్‌లో పూలకొట్లన్నీ తిరిగి నాకోసం ఏరానన్నారు."

"ఒక్కపూటకి అంత దండగెందుకని..."

ఆమె బొకే ఇచ్చేసింది. తర్వాత వేలి ఉంగరాన్ని పట్టుకుంది.

"ఇదీ తీసెయ్యమంటారా?"

అతను గుమ్మంలో ఆగాడు కానీ వెనక్కి తిరగలేదు.

"దానికి తొందరలేదు. ఉంగరాల షాటు సోమవారం."