మొగిలయ్య మీసాల అక్షరాలు

నాచారం ఫ్యాక్టరీల రోడ్డు మీది చాయ్ హోటల్ల, ఫ్లెక్సీలు డిజైన్ చేసే మొగిలయ్య కూసున్నడు. ఉప్పల్ల పచ్చళ్ల దుకాణం తెరుస్తున్న స్వర్ణలత బోర్డు మాట్లాడనీకి వచ్చింది. ఇంకేం, ఆయన మొదలువెట్టిండు.

"చెల్లె, కంప్యూటర్ల ఉన్న తెలుగు అక్షరాలు నాకు నచ్చవు. అన్నీ చేతులు కట్టుకొని నిలవడ్డట్టు ఉంటయి. అందుకే నేనే సొంతంగ ఒక ఫాంట్ జేసిన. తలకట్టుకు దువ్విన మీసం, కొమ్ముకు మంట, దీర్ఘానికి పాము తోక. మూడు నెలలు కూసొని గీసిన. సింహగర్జన అని పేరు వెట్టిన. మొదటి బ్యానర్ పీర్జాదిగూడల ఒక జిమ్ముకు కట్టినం. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"ఏమైంది?" పక్క బల్ల మీది మెకానిక్ హనుమాండ్లు అడిగిండు.

"బండ్లు ఆగినయి! సూసినోడల్లా ఆగుడే, ఉప్పల్ దాకా జామ్. పోలీసాయన వచ్చి, అన్నా, జర ఒక్క దీర్ఘమన్న తగ్గించు అని బతిమాలిండు. తగ్గించిన. ఏం లాభం? జిమ్ముల చేరనీకి వచ్చినోళ్లు బ్యానర్ సూస్తనే కండలు ఉబ్బి, గట్లనే ఇంటికి వాపస్ పోయిన్రు."

"లోపలికి పోకుంటనే?"

"మెట్లెక్కే పనే లేదు! గది ఇడిసిపెట్టు. దమ్మాయిగూడల ఫంక్షన్ హాలుకు 'ళ' రాసిన. తోక జర పొడుగైంది. గాలికి ఊగి ఊగి ఎదురింటి డాబాకు తట్టుకున్నది. ఆ ఇంటామె దాని మీద నలభై చీరలు ఆరేసింది. ఒక్కటి కింద పడితే ఒట్టు! అన్నోజిగూడల అయితే వానొస్తే నా 'ఔ' కింద పెండ్లి బారాత్ నిలవడ్డది, గుర్రంతోటి సహా. ఆఖరికి పైన పోయే విమానం కిందికి దిగి, సదువుకొని, మల్ల పైకి పోయింది."

"సదివిన్రా అన్నా?" అన్నది స్వర్ణలత.

"గడగడ సదివిన్రు."

ఆమె ఫోన్ తీసి ముందట వెట్టింది. "పొద్దుగాల పీర్జాదిగూడల దిగి ఫొటో తీసిన. జిమ్ము పేరేందో సదువు."

మొగిలయ్య ఫొటో పెద్దగ జేసిండు. మల్ల చిన్నగ జేసిండు. "ఇది 'మ'... కాదు, 'య' కావొచ్చు..."

"బండ్లు గందుకే ఆగుతున్నయి అన్నా. పేరేంది, ఇది దేని దుకాణం అని అందరు అడుగుడే. జిమ్మాయన మెట్ల మీద నిలవడి జవాబు చెప్పలేక సస్తుండు."

హనుమాండ్లు పక్కున నవ్విండు. స్వర్ణలత నవ్వలే.

"పదకొండేండ్లు కంపెనీల పచ్చడి సీసాలకు వేరేటోళ్ల పేరు అతికించిన. ఇప్పుడు నా పేరు వెట్టుకుంటున్న. రోడ్డు మీద పోయేటోళ్లకు సదవనీకి వచ్చేటట్టు రాయన్నా."

మొగిలయ్య జేబుల పెన్ను తీసి, బల్ల మీది పేపర్ తిప్పి, ఖాళీ జాగల మెల్లగ రాసిండు. ఏ కొనా ఒంచలే.

పక్క బల్ల మీంచి లేవకుంటనే హనుమాండ్లు సదివిండు. "స్వర్ణలత పచ్చళ్లు."