గడిలో నడిచిన బడి

అధ్యక్షస్థానంలో ఉన్న సమితి ప్రెసిడెంటు పర్వతాలు గారికి, నా ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందా అని గడియారం చూసుకుంటున్న సర్పంచు గోపయ్య గారికి (నవ్వులు), తోటి ఉపాధ్యాయులకు, నేల మీద కూర్చున్న నా పిల్లలకు, వాళ్లను నమ్మి నా చేతుల్లో పెట్టిన తల్లిదండ్రులకు నమస్కారాలు.

ఇందాకటి నుంచి అందరూ నన్ను పొగుడుతున్నారు. రిటైరైన నాడు ప్రతివాడూ మంచివాడే, అసలు సంగతి రేపు మాట్లాడుకుంటారు. నేనిప్పుడు చాలా సంతోషంగా ఉందని చెప్పాలి. కానీ లేదు, ఫికరుగా ఉంది. ఎందుకో మీకూ తెలుసు. వచ్చే వారం మన బడి కొత్త బిల్డింగుకు పోతుంది. మంచిదే, పిల్లలకు గాలీ వెలుతురూ వస్తాయి. కానీ మనం కూర్చున్న ఈ గడిని, ఒకప్పటి దొర కోటను, సోమవారం కూలగొట్టి దూలాలూ రాళ్లూ వేలం వేస్తామని పంచాయతీవాళ్లు చాటింపు వేయించారు.

దొర పట్నం చేరి గడి వట్టిగా పడి ఉన్న రోజుల్లో, గబ్బిలాలను వెళ్లగొట్టి ఇక్కడ బడి పెట్టాం. మొదటి రోజు తల్లిదండ్రులు మలుపు దగ్గరే చెప్పులు విడిచి, తలగుడ్డలు తీసి చంకలో పెట్టుకుని వచ్చారు. చదువంటే ఎంత భక్తి అని పొంగిపోయి నేను సరస్వతీదేవి గురించి పెద్ద ఉపన్యాసం దంచాను. అంతా విని గురవయ్య, అదిగో ఆ స్తంభం పక్కన నవ్వుతున్నాడే, అతనే, మెల్లగా అన్నాడు: "సరస్వతమ్మ ఎవరో మాకెరుక లేదు సారూ. చెప్పులేసుకొని గడి ముందట నడిస్తే దొర దినమంత ఎండల నిలబెట్టేటోడు. కాళ్లకు గదే అలవాటైంది."

(నవ్వులు)

ఆ భయం పోవడానికి ఏళ్లు పట్టింది. ఈ బడి చేసిన అసలు పని అదేననుకుంటాను, లెక్కలూ వ్యాకరణమూ దాని తరువాతే.

ఏటా మిరుగం వానలు రాకముందే మనమంతా మిద్దె ఎక్కేవాళ్లం. సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి పోస్తే, ఆడవాళ్లు పాట పాడుతూ చెక్కలతో కొట్టి పగుళ్లు మూసేవారు. మనుషులు మసిలారు కాబట్టి ఈ గోడలు నిలిచాయి. అందుకే నాకు గునపం అంటే ఎంత భయమో తాళం అన్నా అంతే. వట్టిగా వదిలేస్తే నాలుగు వానలకు మిద్దె దానంతటదే కూలుతుంది.

వట్టిగా ఎందుకుండాలి? నేతవాళ్ల సంఘానికి నూలు పెట్టుకునే జాగా లేదు. దవాఖాన కిరాయి కొట్టంలో నడుస్తోంది, సూది వేయించుకునేవాడి మీద చూరు నీళ్లు కారుతాయి. పర్వతాలు గారూ, మొన్న మీ నడుం నొప్పికి అక్కడే కదా పడుకున్నారు, మీకు నేను చెప్పాలా? (నవ్వులు)

"దొర పెత్తనానికి గుర్తు గిది, ఉంచుడెందుకు సార్?" అని కొందరు పిల్లగాళ్లు అడిగారు. వాళ్ల కోపం న్యాయమైనదే. జవాబు మొన్న బిక్షమ్మ చెప్పింది. ఆమె అత్తమామలు ఈ గడికి వెట్టి చేసినవాళ్లు. చాటింపు విని ఆమె నేరుగా ఇక్కడికి వచ్చి, గోడలు కొలుస్తున్న వాళ్లకు అడ్డం నిలబడింది.

"దొర కట్టిండంటరేంది? దొర ఒక్క రాయన్న ఎత్తిండా? మా అత్త నిండు చూలాలు, సున్నం తట్టలు మోసింది. కూలి ఇయ్యలే. గిది మా కష్టం. మమ్మల్ని అడగకుండ ఎట్ల కూలగొడ్తరు?"

ఇన్నేళ్లు ఈ గోడలకు ఆనుకుని పాఠాలు చెప్పినవాణ్ని, నాకు ఆ మాట తట్టలేదు.

బడి చార్జి కొత్త హెడ్మాస్టరు గారికి అప్పగించాను. గడి తాళంచెవి మాత్రం ఇంకా నా జేబులోనే ఉంది. పద్ధతి ప్రకారం సర్పంచు గారికి ఇవ్వాలి. గోపయ్య గారూ, జర ఆగండి, చెయ్యి చాపకండి. బిక్షమ్మా, ఇట్లా ముందుకు రా.

(బిక్షమ్మ ముందుకు వస్తుంది.)

ఇది నీ దగ్గర పెట్టుకో. సోమవారం గునపాలతో వచ్చేవాళ్లు ముందు నీ గుమ్మంలో నిలబడి అడగాలి. ఇస్తావో ఇవ్వవో నీ ఇష్టం.

శాలువా కప్పిన పెద్దలకు, కన్నీళ్లు పెట్టుకున్న పిల్లలకు, ఓపికగా విన్న అందరికీ కృతజ్ఞతలు. నా సొంతూరికి పోతున్నాను, సోమవారం నేను ఇక్కడ ఉండను. ఆ రోజు ఆమె పక్కన మీలో ఎంతమంది నిలబడతారో తెలియక, భయంతోనే పోతున్నాను. సెలవు.