రాత్రికి జానెడు

పూతలపట్టు దారిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, వెనకాల మీటరు గది. ఆ పొద్దు యజమాని బాలచంద్ర చేతిలో ఉన్నది ఇంతే: ఒక బకెట్టు, ఒక మీటరు, తిరుపతి నుంచి పొల్యూషన్ వాళ్ళ జీపు వచ్చేలోగా ఒక గంట. ఎదురుగా బకెట్లో నీళ్ళు మార్చే అలివేలమ్మ.

“మార్చినాను సామీ. ఆరింటికే మార్చినాను.”

“మార్చింటే మీటరు ఎర్రగా ఎందుకు చూపిస్తాది? సోమవారం ఎరుపు, మంగళవారం ఎరుపు, ఈ పొద్దూ ఎరుపే. ఆ సుజన మేడం తిరపతిలో కూర్చోని తెర మీద చూస్తానే ఉండాది. ఇప్పుడు శాంపిలు సీసాలు ఎత్తుకోని బయల్దేరింది.”

“నేనేం చేసేది సామీ. మీటరు కడ్డీ తుడిచి మంచి నీళ్ళలోనే పెట్టినాను.”

“మంచి నీళ్ళలో ఉంటే పచ్చగా చూపించల్ల. మన మురికి కాలవలో ముంచితే గదా ఎర్రగయ్యేది. ముంచకూడదనే గదా నాలుగేండ్లుగా కడ్డీని ఈ బకెట్లో పెట్టుకోని నెట్టుకొస్తా ఉండేది. నీ మొగుడు చెంగయ్య ఉన్నన్నాళ్ళూ ఒక్క దినం తప్పలేదు.”

“ఆయన పని ఆయనకే వచ్చు.”

“ఎగతాళా?”

“లేదు సామీ.”

“సీజను నడిమిట్లో పర్మిట్టు ఆపేస్తే ఏమౌతాదో తెలుసా? యార్డులో కాయంతా రెండు దినాల్లో కుళ్ళిపోతాది. నన్ను ముంచల్లని కాలవ నీళ్ళు తెచ్చి పోసినావు. ఔనా, కాదా?”

“చెంగయ్య మీద ఒట్టు, కాదు.”

“పోయినోడి మీద ఒట్టేంది? పంతొమ్మిది దినాలాయె వాడు పోయి.”

“ఆయన ఈడనే ఉండాడు సామీ.”

“ఏందీ?”

“సోమవారం నుంచి. నేను నీళ్ళు పోసి, తలుపేసి, కళ్ళాపి చల్లను పోతానా. పది నిమిషాలకు బకెట్టు చెయ్యి టంగుమంటాది. వచ్చి సూస్తే నీళ్ళు నేల మీద. బకెట్టు బోర్లా. మళ్ళా పోసి పెడతా ఉండాను.”

“పిల్లి.”

“పిల్లి కడ్డీని తుడిచి టవలు మీద పెడతాదా సామీ?”

“నోరు ముయ్యమ్మే.”

“మీరూ విన్న్యారు. నిన్న ఆ తలుపు కాడే నిలబడుకోనుంటిరి.”

“నేనేం వినలేదు... మేడం కూడా ఫోన్లో అదే అడిగె. మూడు దినాలుగా ఆరూ పదికి గీత తెగిపోతాందే, కడ్డీ ఎవురు తీస్తారని. కరెంటు పోతాందని చెప్పినాను.”

“కరెంటు పోలేదు.”

“తెలుసులే. అయినా వాడెందుకు పారబోస్తాడు? వానికి నేనేం తక్కువ చేసినాను? దినాలు జరిపించినాను. వాని పని నీకిచ్చినాను.”

“ఇంట్లో గుండె ఆగిందని చెప్పమన్నారు. చెప్పినాను.”

“ఇంట్లోనే గదా ఆగింది.”

“ట్యాంకులో.”

“ఇంట్లో.”

“సరే సామీ, ఇంట్లో. ఎన్ని బిందెలు పోసినా ఒంటి మీద ఆ మురికి వాసన మాత్రం పోలా.”

“దిగమని నేను చెప్పినానా? మురికి ట్యాంకు అడుగున బీట పడింది, రాత్రికి జానెడు భూమిలోకి దిగిపోతాది, పూడ్చల్ల, పూడ్చల్ల అని పట్టుకున్న్యాడు. దిగితే దిగనీరా అన్నాను. ట్యాంకర్లు పెట్టి తోలించల్సిన మురికి దానంతటదే తగ్గతా ఉంటే అది లాభం గానీ నష్టమా?”

“రాత్రికి జానెడు.”

“జానెడే. రెండేండ్లుగా జానెడు. నా లెక్కలో అది లాభమే. వాడు వినకుండా దిగినాడు... ఆ మాట వదిలెయ్. మీటరే చెడిందేమో చూస్తాం. ఆ క్యాను ఇట్ల తే.”

“అది మీరు తాగే నీళ్ళు.”

“బకెట్టు కడిగి పొయ్యి. కడ్డీ ముంచు. ఎంతసేపు పడతాది?”

“ఆయన నూరు లెక్కపెట్టేవాడు.”

“లెక్కపెట్టు.”

“...తొంభై ఏడు, తొంభై ఎనిమిది...”

“పచ్చగయింది. చూసినావా? పచ్చగయింది.”

“సూసినాను.”

“మీటరు బాగుండాది. అంటే నువ్వు పోసినవే బాగలేవు. ఏ కాలవలో ముంచుకొచ్చినావు, నిజం చెప్పు.”

“కాలవవి కాదు సామీ. ఆదివారం దాకా ఆ మూల పీపాలోవి పోసినాను. అప్పుడు పచ్చగానే ఉండె గదా.”

“పీపాలోవి మన బోరువే గదా.”

“నేనూ అట్లే అనుకున్న్యా. తెల్లారకముందే ఆయన సైకిలుకు క్యాన్లు కట్టుకోని పోతా ఉంటే పాలకనుకుంటి. కొండ కింద ఊట నీళ్ళంట. వాచ్‌మన్ వెంకటముని మొన్న చెప్పినాడు. రెండేండ్లు ఆన్నుంచి మోసినాడంట, ఈ బకెట్టు కోసరం.”

“ఆరు మైళ్ళు. గేటు కాడ బోరు పెట్టుకోని ఆరు మైళ్ళా? వానికేం పిచ్చి?”

“ఆదివారం పీపా అయిపోయింది. సోమవారం గేటు కాడ బోరు నీళ్ళు పోసినాను.”

“ఎరుపు.”

“మంగళవారం మా కాలనీ కుళాయివి.”

“అవీ ఎరుపే. ఆగు... ఆ రెండూ ట్యాంకు పక్కనుండే బోర్లు. మురికి రొంత ఊరింటాది. దానికేం గాని, మనకు దూరం నీళ్ళు కావల్ల. క్యాన్లతో ఎన్నాళ్ళు నడపతాం? బిందె ఎత్తుకోని మా ఇంటికి పో.”

“మీ ఇంటికా సామీ?”

“పల్లంలో ఉండాది మా బోరు, ఎండాకాలం గూడా నిండుగా పారతాది. ఈ ఏడు ఆ నీళ్ళు కొత్తగా తియ్యగయినాయి. మా కోడలు మోహన క్యాను గూడా మాన్పించింది. చంటిబిడ్డకు పాలపొడి ఆ నీళ్ళలోనే కలపతాంది. పీపా నిండా తెచ్చి పెట్టుకుంటే ఇంగ సీజనంతా లెక్క సరి.”

“తియ్యగానా?”

“ఔను, కొబ్బరి నీళ్ళ మాదిరి. ఎందుకట్ల చూస్తావు?”

“ఏం లేదు సామీ.”

“ఏం లేదంటే? గేటు బోరు సోమవారం. కాలనీ మంగళవారం. మరి ఈ పొద్దు పోసినవి యాడివి?”

“జీపు వచ్చినట్లుండాది సామీ.”

“రానీ. ఈ పొద్దు ఎర్రగా చూపించిన నీళ్ళు యాడివి అలివేలమ్మా?”

“మోహనమ్మే కుళాయి తిప్పి నా బిందె నింపింది సామీ. మీరు లెక్కగట్టిన జానెడు లాభం ఆడికి చేరింది.”